బంగారం, పత్తి, మందుగుండు – ఒక ఓడ కథ

‘మాది కె.జి.ఎఫ్.’ అని చెప్పగానే ఎదుటివారి చూపు ముందు మన చేతివేళ్ళ మీదికి, తరువాత మెడ మీదికి వెళ్తుంది. 2018లో ఆ పేరుతో సినిమా వచ్చాక ఈ అవస్థ మరీ ఎక్కువైంది. వేలికి ఉంగరం కూడా లేని మనిషిని చూసి పాపం వాళ్ళే నిరాశపడతారు. బంగారం తవ్విన ఊరు వేరు, బంగారం ఉన్న ఊరు వేరు అని వాళ్ళకు నచ్చజెప్పడం కష్టం. మన గనుల్లో పండిన బంగారం మన ఊళ్ళో ఏనాడూ ఆగలేదు. మరికుప్పంలో రైలెక్కింది, మొదటి రోజుల్లో అయితే ఓడెక్కి లండన్ దాకా వెళ్ళిపోయింది. ఇది మన ఇళ్ళలో పిల్లలందరికీ తెలిసిన కథే.

కానీ ఒకసారి బంగారం ఎదురు ప్రయాణం చేసింది. ఇంగ్లండులో ఓడెక్కి మన దేశానికి వచ్చింది. 124 కడ్డీలు! అవి వచ్చిన ఓడ పేరు ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికీన్. ఆ ఓడ 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిపోయింది. ఆ పేలుడు గురించి మన పెద్దలు కొందరు చెప్పుకునేవారు గాని, ఓడ సంగతి, అది మోసుకొచ్చిన సరుకు సంగతి చెప్పినవారు తక్కువ. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసినవాణ్ణి, అందులోనూ చాలాకాలం బంగారు నగల మీద అప్పులిచ్చే విభాగంలో కూర్చున్నవాణ్ణి. బంగారం లెక్క ఎక్కడ కనబడినా నా కళ్ళు అక్కడ ఆగిపోతాయి. ఈ ఓడ మీద నాకు ఆసక్తి అలా మొదలైంది. చదువుతూ పోయిన కొద్దీ ఆసక్తి బంగారం మీంచి మరో లెక్క మీదికి మళ్ళింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు ఓడ పుట్టుక. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు బ్రిటన్ సరుకు ఓడలను వరసగా ముంచేస్తుంటే, మునిగినదానికంటే వేగంగా కొత్తవి కడితే తప్ప గతిలేని పరిస్థితి వచ్చింది. ఇంగ్లండులోని సండర్లాండ్ పట్టణంలో నార్త్ శాండ్స్ అనే ఓడల కర్మాగారం గీసిన ఒకే నమూనాను కెనడాకు పంపి, అక్కడ అచ్చుపోసినట్టుగా వందకు పైగా ఓడలు కట్టించారు. వాటిలో బ్రిటన్ నడపడానికి తీసుకున్నవాటికి ‘ఫోర్ట్’ అనే పేరు ముందు తగిలించారు. మన ఓడ 1942లో కెనడా పడమటి తీరాన, బ్రిటిష్ కొలంబియాలోని ప్రిన్స్ రూపర్ట్ అనే రేవులో తయారైంది. స్టికీన్ అనేది పాతకాలంలో హడ్సన్స్ బే కంపెనీవారు బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసుకున్న ఒక కోట పేరు. ఆ చోటు ఇప్పుడు అమెరికాలోని అలాస్కాలో ఉంది.

7,142 టన్నుల ఓడ. పొడవు 424 అడుగులు. బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజను. గంటకు 11 నాట్లు, అంటే సుమారు 20 కిలోమీటర్లు పోతుంది. మన బంగారుపేట – మరికుప్పం ప్యాసింజరు కంటే నిదానం అన్నమాట! అమెరికా సొమ్ము, కెనడా కూలీలు, బ్రిటన్ వాడకం. లెండ్-లీజ్ అనే యుద్ధకాలపు ఒప్పందం కింద బ్రిటన్ యుద్ధ రవాణా శాఖ చేతికి వచ్చింది. నడిపే బాధ్యత పోర్ట్ లైన్ అనే కంపెనీది. సొంతదారు ఒకరు, కట్టినవారు ఒకరు, అద్దెకు తీసుకున్నవారు ఒకరు, నడిపేవారు ఇంకొకరు. బ్యాంకులో ఇలాంటి ఖాతా ఎదురైతే మేము రెండుసార్లు ఆలోచిస్తాం. ఎందుకంటే కష్టం వచ్చిన రోజు ఎవరిని పిలవాలో తెలియదు.

ఇది ఫిరంగులతో పోరాడే నౌక కాదు. నౌకాదళానికీ, సైన్యానికీ, జనానికీ కావలసిన సరుకు మోసే బండి. అయినా ఆ రోజుల్లో సరుకు ఓడకు ఉన్న ప్రమాదం యుద్ధనౌకకు తక్కువేమీ కాదు. ఈ విషయం మన తెలుగు తీరంవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో, రక్షణ నౌకలు తోడులేని సరుకు ఓడలను జపాను నౌకలూ విమానాలూ కలిసి ఇరవైకి పైగా ముంచేశాయి. విశాఖ, కాకినాడల నుంచి జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగెత్తిన కథలు ఇప్పటికీ వింటాం. ఫోర్ట్ స్టికీన్ అప్పటికి ఇంకా మన సముద్రం ముఖం చూడలేదు.

ఆ ఓడ చివరి ప్రయాణం 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ రేవు నుంచి మొదలైంది. కెప్టెన్ పేరు అలెగ్జాండర్ నేస్మిత్. జిబ్రాల్టర్, సూయెజ్ కాలువ మీదుగా కరాచీ, అక్కడినుంచి బొంబాయి. ఓడలో విడదీసి పెట్టెల్లో సర్దిన స్పిట్‌ఫైర్ విమానాలున్నాయి. టార్పెడోలు, మైన్లు, ఫిరంగి గుండ్లు, ఇతర మందుగుండు అన్నీ కలిపి 1,395 టన్నులు. అందులో 238 టన్నులు అతి సులభంగా పేలే మొదటి తరగతి రకం. వీటన్నిటి నడుమ, రెండో నంబరు హోల్డు పై అంతస్తులో, ఒక ఉక్కు తొట్టెలో 31 పెట్టెలు. పెట్టెకు నాలుగు చొప్పున 124 బంగారు కడ్డీలు.

యుద్ధం జరుగుతుంటే బంగారం ఇటెందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. కామర్సు చదివినవాడిగా ఇక్కడ కొంచెం ఆగుతాను, ఓపిక పట్టండి. యుద్ధానికి కావలసిన గుడ్డ, ధాన్యం, తోలు, ఉక్కు అన్నీ బ్రిటన్ మన దేశంలో కొన్నది. వెంటనే డబ్బు ఇవ్వలేదు. లండన్‌లో మన పేర జమ రాసింది. ఆ జమను చూపి ఇక్కడ రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చువేసింది. 1939లో చలామణిలో ఉన్న నోట్లు 1945కల్లా అయిదు రెట్లకు మించిపోయాయి. చేతిలో నోట్లున్నాయి, అంగట్లో సరుకు లేదు. ధరలు మండిపోయాయి. బెంగాల్ కరువు వచ్చింది 1943లోనే. నోట్లను జనం చేతుల్లోంచి వెనక్కి లాగడానికి తోచిన ఉపాయాల్లో బంగారం అమ్మకం ఒకటి. 1943 ఆగస్టు నుంచి బ్రిటన్, అమెరికా ప్రభుత్వాల తరఫున రిజర్వు బ్యాంకు బంగారం అమ్మడం మొదలుపెట్టింది. మనవాళ్ళకు బంగారం మీద ఉన్న మోజు ఎంతటిదో తెల్లవాళ్ళకు బాగా తెలుసు. పైగా బొంబాయి బజారులో ధర, వాళ్ళ దేశపు ప్రభుత్వ ధరకంటే ఎంతో ఎక్కువ పలుకుతోంది. కాబట్టి అమ్మినవాడికి లాభం, నోట్లు వెనక్కి వస్తాయి. ఫోర్ట్ స్టికీన్‌లో వచ్చిన కడ్డీల విలువ సుమారు 8 లక్షల 90 వేల పౌండ్లని రాశారు.

మార్చి నెలాఖరుకు ఓడ కరాచీ చేరింది. విమానాలూ కొంత సామానూ అక్కడ దింపారు. ఖాళీ అయిన చోట ఏమి నింపారో చూడండి. పత్తి బేళ్ళు, నూనె పీపాలు, కలప, గంధకం, పాత ఇనుము, చేపల ఎరువు, బియ్యం! పేలే సరుకున్న ఓడలో అంటుకునే సరుకు. కెప్టెన్ నేస్మిత్ అభ్యంతరం చెప్పాడంటారు. కానీ యుద్ధకాలంలో ఓడలో ఒక్క అడుగు జాగా కూడా ఖాళీగా పోవడానికి వీల్లేదు, రైళ్ళన్నీ సైన్యం పనిలో ఉన్నాయి, పత్తి బొంబాయి మిల్లులకు చేరాలి. ఎక్కించక తప్పలేదు. రెండో హోల్డులో అడుగున పత్తి, కలప. పైన మందుగుండు. ఆ పక్కనే బంగారం.

మా నాన్నగారు చాంపియన్ రీఫ్‌లో బ్లాస్టింగ్ పని చేసేవారు. ఆయన ఈ వరస వింటే ఏమనేవారో నాకు తెలుసు. మన గనుల్లో మందుగుండు కొట్టును మ్యాగజైన్ అంటారు కదా. అందులోకి అగ్గిపెట్టె పోకూడదు, బీడీ పోకూడదు. పేల్చే మందు ఒక గదిలో, దాన్ని అంటించే డిటొనేటర్లు వేరే గదిలో. కిందికి తీసుకుపోయేటప్పుడు కూడా ఒకే పెట్టెలో పెట్టకూడదు. అక్షరం ముక్క రాని కూలీకి కూడా ఇది కంఠస్థం. ఎందుకంటే తప్పితే పోయేది తన ప్రాణం. కరాచీ రేవులో కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళెవరూ ఆ ఓడలో ప్రయాణం చేయబోవడం లేదు.

పత్తి గురించి కూడా ఒక మాట. గట్టిగా బిగించి కట్టిన బేలులో నిప్పురవ్వ పడితే పైకి మంట కనబడదు. లోపల్లోపలే గంటల తరబడి రాజుకుంటుంది. గుంటూరు, ఆదోని వైపు జిన్నింగ్ మిల్లులున్న బంధువులెవరైనా ఉంటే అడగండి, వాళ్ళ నిద్రలేని రాత్రుల గురించి చెబుతారు.

ఏప్రిల్ 12న ఓడ బొంబాయి విక్టోరియా డాక్‌లో ఒకటో నంబరు గట్టుకు చేరింది. మామూలు రోజుల్లో అయితే మందుగుండు ఓడ ఎర్రజెండా ఎగరవేయాలి. యుద్ధంలో ఆ నియమం సడలించారు, శత్రువుకు గుర్తు చూపినట్టవుతుందని. అందువల్ల పక్క ఓడలవాళ్ళకు తమ పక్కన ఏముందో తెలియదు. మొదటి తరగతి మందుగుండును గట్టు మీదికి దింపకూడదు, పడవల్లోకి మాత్రమే దింపాలి. ఆ పడవలు రావడం ఆలస్యమైంది. ఈలోగా కంపు భరించలేక చేపల ఎరువు ముందు దింపారు! రెండు రోజులు అలా గడిచాయి.

ఏప్రిల్ 14, శుక్రవారం. మధ్యాహ్న భోజనాల వేళకే చుట్టుపక్కల ఓడల మీదివాళ్ళు కొందరు రెండో హోల్డు దగ్గర సన్నని పొగ చూశారని తరువాత తేలింది. వాళ్ళెవరూ ఎవరికీ చెప్పలేదు. కూలీలు భోజనాలు చేసి తిరిగి వచ్చి పనిలోకి దిగాక, రెండు గంటలు కావస్తుండగా, ‘నిప్పు, నిప్పు’ అని కేకలు లేచాయి. మొదట వెళ్ళిన కబురు మామూలు నిప్పు కబురే, వచ్చినవి రెండే పంపులు. అది మందుగుండు ఓడ అని తెలిశాక మిగతా బండ్లు పరుగెత్తుకొచ్చాయి. అగ్నిమాపక దళం ప్రధానాధికారి నార్మన్ కూంబ్స్ స్వయంగా వచ్చాడు.

ఆ తరువాతి రెండు గంటల సంగతి నేను చాలాసార్లు చదివాను. ప్రతిసారీ ఆఫీసు మీటింగు చూస్తున్నట్టే ఉంటుంది. సైన్యపు మందుగుండు అధికారి కెప్టెన్ ఓబర్‌స్ట్ ఓడలోని సరుకు చిట్టా చూసి, ఇది పేలితే డాక్ మొత్తం లేచిపోతుంది, ఓడను ఇక్కడే ముంచేయండి అన్నాడు. డాక్ అధికారి కల్నల్ శాడ్లర్, టగ్గులు తెచ్చి ఓడను బయట సముద్రంలోకి లాగేద్దామన్నాడు. కూంబ్స్ నీళ్ళు కొట్టి ఆర్పగలమన్నాడు. ముంచినా అక్కడి లోతుకు ఓడ పూర్తిగా మునగదని ఇంకో మాట. కెప్టెన్ నేస్మిత్ ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో శాఖ. అందరికీ సలహా ఇచ్చే హక్కుంది. ‘ఇది చేయండి’ అని ఆజ్ఞాపించగల మనిషి ఒక్కడూ లేడు, లేదా తానే ఆ మనిషినని ఎవరూ అనుకోలేదు. ఓడకు సొంతదారు ఒకరు, నడిపేవారు ఒకరు అని ముందు చెప్పాను చూడండి, ఇలాంటి వేళకే ఆ మాట.

అందరూ మాట్లాడుకుంటుండగా గొట్టాలతో నీళ్ళు కొడుతూనే ఉన్నారు. మొత్తం 32 గొట్టాలు, 900 టన్నులకు పైగా నీరు. మండుతున్నది ఎక్కడో సరిగ్గా తెలియకుండానే కొట్టారు. నీళ్ళు ఒక కొత్త ప్రమాదం తెచ్చాయి. అడుగునున్న పత్తి బేళ్ళు తేలి, మంటతో సహా, నీటిమట్టంతో పాటు పైకి లేవసాగాయి. పైన ఉన్నది మందుగుండు. ఓడ పక్క ఇనుప రేకు వేడికి ఎర్రబడింది. నీళ్ళు లోపల సలసల కాగాయి. 3 గంటల 50 నిమిషాలకు ఓడ విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. డాక్ గడియారం ఆ నిమిషం దగ్గరే ఆగిపోయింది.

ఓడ రెండు ముక్కలైంది. బాయిలరు సుమారు అర మైలు దూరంలో పడింది. పక్కనే ఉన్న జలపద్మ అనే దాదాపు నాలుగు వేల టన్నుల ఓడను ఆ అల అమాంతం లేపి గట్టు మీదికి విసిరింది. ఈ జలపద్మ సింధియా కంపెనీవారిది. మన విశాఖలో ఓడల కర్మాగారానికి 1941లో పునాది వేయించి, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా ‘జల ఉష’ను నీళ్ళలోకి దించింది ఆ కంపెనీయే. వాళ్ళ ఓడల పేర్లు చాలావరకు ‘జల’తోనే మొదలయ్యేవి. అరగంటకు రెండో పేలుడు. ఇది మొదటిదానికంటే పెద్దది. పన్నెండు కిలోమీటర్ల దూరంలో కిటికీ అద్దాలు పగిలాయి. మండుతున్న పత్తి బేళ్ళు ఆకాశంలోకి లేచి మాండ్వీ వైపు ఇళ్ళ మీదా, ధాన్యపు గోదాముల మీదా వాన కురిసినట్టు పడ్డాయి. డజనుకు పైగా ఓడలు నాశనమయ్యాయి. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది.

అప్పటి బొంబాయిలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. కట్టడం పనులకు నైజాం ప్రాంతం నుంచి వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ ‘కామాఠీలు’ అన్నారు. కామాఠీపుర అనే పేటకు పేరు అలా వచ్చిందే. ఆ పేట విక్టోరియా డాక్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మిల్లుల్లో పద్మశాలీలు వేల సంఖ్యలో పనిచేసేవారు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను 1908లో మొదలుపెట్టింది కూడా బొంబాయిలోనే. పొట్ట చేతపట్టుకుని పరాయి ఊరు వెళ్ళి, అక్కడే ఒక పేటను తమదిగా చేసుకున్న జనం వాళ్ళు. చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి మన తాతముత్తాతలు కోలారు గనుల లైన్లకు వచ్చినట్టే. ఆ సాయంత్రం అంత దగ్గర్లో భూమి అదిరితే, ఆ వీధుల్లో తల్లులు పిల్లల్ని వెతుక్కుంటూ ఎలా పరుగెత్తి ఉంటారో ఊహించుకోవచ్చు. మనకు ఇక్కడ ‘ఎయిర్ బ్లాస్ట్’ అంటే తెలుసు కదా. లోతున రాయి పగిలి పైన ఇళ్ళు ఊగినప్పుడు, ఏ షాఫ్ట్ అని అడుక్కుంటూ ఆడవాళ్ళు పరుగెత్తడం నా చిన్నతనంలో చూశాను.

ఇక బంగారం. డాక్‌కు సుమారు ఒక మైలు దూరంలో ఒక పార్సీ పెద్దమనిషి ఇంటి పైకప్పును చీల్చుకుని ఒక కడ్డీ లోపలికి వచ్చి పడింది. 28 పౌండ్ల బరువు, అంటే 12.7 కిలోలు. మన లెక్కలో 1,580 సవర్లకు పైమాటే! ఆయన దాన్ని తీసుకుపోయి అధికారులకు అప్పగించాడు. ఇచ్చిన బహుమతి సొమ్మును కూడా సహాయ నిధికే ఇచ్చేశాడు. పార్సీల గురించి ఊరికే మంచిగా చెప్పుకోరు. మిగతా కడ్డీల్లో చాలావాటిని డాక్ బురదలోంచి తీశారు. పూడిక తీస్తుంటే 1970లలోనూ దొరికాయి, చివరకు 2011లోనూ దొరికాయి. దొరికినవి దొరికినట్టు బ్రిటిష్ ప్రభుత్వానికి చేరాయి. అదే 2011లో పేలకుండా మిగిలిన 45 కిలోల గుండు కూడా ఒకటి బయటపడింది.

నగల తూకం దగ్గర కూర్చున్న అలవాటుకొద్దీ నేను ఒక లెక్క వేశాను. 124 కడ్డీలు సుమారు 1,575 కిలోలు. టన్ను రాతిలో 10 గ్రాముల బంగారం ఉందనుకుందాం. మన గనుల్లో మొదట్లో అంతకంటే బాగా ఎక్కువే ఉండేది, చివరికొచ్చేసరికి 3 గ్రాములకు పడిపోయింది. 10 గ్రాముల చొప్పున చూసినా ఒక్క కడ్డీకి 1,270 టన్నుల రాయి పేల్చి, పైకి తెచ్చి, పిండి చేయాలి. 124 కడ్డీలకు లక్షా యాభై ఏడు వేల టన్నులు. మళ్ళీ ఆ బంగారం ఏ దేశపు గనిలో ఎవరు తవ్వినదో! అదంతా ఒక ఉక్కు తొట్టెలో ఇమిడిపోయింది.

ఇప్పుడు ఆ రెండో లెక్కకు వస్తాను. కడ్డీలు ఎన్ని అంటే 124 అని ఠక్కున జవాబు వస్తుంది. పెట్టెలు 31, ఒక్కోదాని బరువు ఇంత, ఏ హోల్డులో ఏ మూల పెట్టారో కూడా తెలుసు. మరి ఆ రోజు చనిపోయినవాళ్ళు ఎంతమంది? ఎనిమిది వందల నుంచి పదమూడు వందల దాకా అంటారు. మధ్యలో అయిదు వందల మంది తేడా! ఇల్లు వాకిళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు 80 వేల మంది అంటారు. అగ్నిమాపక సిబ్బంది 66 మంది అని మాత్రం కచ్చితంగా తెలుసు. వాళ్ళకు హాజరుపట్టీ ఉంది కనుక. కెప్టెన్ నేస్మిత్ పోయాడని తెలుసు, పుస్తకంలో పేరుంది కనుక. గట్టు మీద పొద్దున కూలికి వచ్చినవాడికీ, గోదాము వెనక గుడిసెలో వండుకుంటున్న ఆవిడకూ, వినోదం చూద్దామని గుమిగూడినవాళ్ళకూ పట్టీ ఎక్కడిది? బంగారానికి రసీదు ఉంది, మనిషికి లేదు.

మన ఊరి సంగతి ఇంతకు భిన్నమని నేను అనలేను. గనులు తెరిచిన నాటినుంచి 2001 ఫిబ్రవరి 28న మూసేవరకు పండిన బంగారం ఎంత అంటే సుమారు 800 టన్నులని రాబర్ట్‌సన్‌పేటలో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. దిగి తిరిగి రానివాళ్ళు ఎందరు, రాతిధూళితో ఊపిరితిత్తులు చెడి మంచాన పడి పోయినవాళ్ళు ఎందరు అని అడిగి చూడండి. ఇంటికో లెక్క చెబుతారు. మా వీధిలోనే ఎనిమిది ఇళ్ళలో అయిదింటికి ఈ లెక్క ఉంది.

బొంబాయి సంగతి ఆ రోజుల్లో మన పత్రికల్లో వెంటనే రానేలేదు. సెన్సారు! జపానువాళ్ళ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే ప్రపంచానికి చాటింది గాని, మన దేశంలో వివరాలు అచ్చు వేయడానికి మే నెల రెండో వారం దాకా అనుమతి లేదు. నగరమంతా కళ్ళారా చూసిన దాన్ని నెల రోజులు దాచిపెట్టడం ఎవరి తరం? పుకార్లకు మాత్రం సెన్సారు లేదు. శత్రువుల గూఢచారి పని అని కొందరు, జలాంతర్గామి వచ్చిందని కొందరు చెప్పుకున్నారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ లెనర్డ్ స్టోన్ నాయకత్వంలో విచారణ సంఘం కూర్చుంది. కుట్ర ఏమీ లేదని తేల్చింది. పత్తిలో ఎవరో తాగి పడేసిన సిగరెట్టు వల్ల నిప్పు పుట్టి ఉండవచ్చని అభిప్రాయపడింది. పత్తిని, మందుగుండును ఒకచోట ఎక్కించడం దగ్గరినుంచి, నిర్ణయం తీసుకోలేకపోవడం దాకా లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. ఒక్క సిగరెట్టు మీద భారమంతా వేయడం నాకు సమంజసంగా తోచదు.

బ్యాంకువాడిగా నాకు బాగా పట్టిన భాగం బీమా. అగ్నిప్రమాద పాలసీల్లో పేలుడు వల్ల కలిగే నష్టానికి పూచీ లేదు. గోదాముల్లో సరుకు తాకట్టు పెట్టి వ్యాపారులు అప్పులు తెచ్చుకుని ఉంటారు. సరుకు బూడిదైతే అప్పు బూడిద కాదు. మంటతో పోయిందా, పేలుడుతో పోయిందా అని ఒక్కో గోదాముకు తగాదా పడితే ఏళ్ళు పట్టేది. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, 1944లోనే బొంబాయి పేలుడు నష్టపరిహార ఆర్డినెన్సు తెచ్చింది. గోదాముల యజమానులకు కాగితాలున్నాయి, లెక్కలు చూపగలిగారు. కాగితం లేనివారి మాట మళ్ళీ పైన చెప్పిన లెక్కకే వస్తుంది.

డాక్‌ను మళ్ళీ వాడుకలోకి తేవడానికి 8,000 మంది ఏడు నెలలు పనిచేశారు. అయిదు లక్షల టన్నుల శిథిలాలు ఎత్తిపోశారు. యుద్ధం ఆగదు కదా, రేవు ఆగితే ఎలా? తరువాత ఎన్నో ఏళ్ళు అక్కడ ఓడలు వచ్చాయి, పోయాయి. ఇటీవలి కాలంలో కంటైనర్లు పెట్టుకునే జాగా కోసం విక్టోరియా డాక్‌ను పూడ్చేశారు. నీరున్న చోట ఇప్పుడు నేల ఉంది.

ఆ 66 మంది అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం దేశమంతటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు. మన కె.జి.ఎఫ్.లో ఏప్రిల్ 14 అంటే అంబేద్కర్ జయంతి. ఊరంతా నీలి జెండాలు, ఊరేగింపులు, మైకులు. ఆ సందడిలో రెండోది ఎవరికీ కనబడదు. నేను పనిచేసిన బ్రాంచీల్లో మాత్రం ఆ వారంలో ఏదో ఒక రోజు ఖాకీ దుస్తుల్లో ఇద్దరు ఫైర్‌మన్లు వచ్చేవారు. చొక్కా జేబు మీద చిన్న కాగితపు జెండా గుచ్చి, హుండీ చాపి, గోడకు తగిలించిన ఆర్పే సిలిండర్ల మీద తేదీ చూసి వెళ్ళేవారు.